నిలువు గాటు

88వ ఏడు, 203వ రోజు
పలక 4411. గాటు: అడ్డం. ఎవరికి: ముత్యాలరావు, చొక్కా.

కోత పుస్తకంలో పలక నంబరు, గాటు, ఎవరికి అన్న మూడు ముక్కలు తప్ప ఇంకేమీ రాయకూడదని తనిఖీవాళ్లు పోయినసారి కూడా చెప్పి వెళ్లారు. ముప్పై ఆరేళ్లుగా ఈ కోత గది నడుపుతున్నాను. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. నాకు రాయాలనిపించింది రాస్తాను. అక్కర్లేని వాళ్లు నంబర్లు చూసుకుని పోవచ్చు.

ముత్యాలరావంటే మా ఆయనే. ఈ చొక్కా ఈ ఏడాదిలో మూడోది. పాతది నడుం దగ్గర ఫట్టున విరిగింది. పలకలు అచ్చు వేసేది ఆయన, కోసేది నేను. ఏది విరిగినా ఆయన కోత బాగాలేదంటాడు, నేను పలక బాగాలేదంటాను. పెళ్లయిన నాటి నుంచి ఈ వ్యాజ్యం తెగలేదు.

"అంత గబుక్కున వంగొద్దని చెప్పానా?" అన్నాను.

"నడుం ఉన్నదే వంగడానిక్కదే. పోనీ రేపట్నుంచి ఇంటికాడ పెట్టేసి వత్తాన్లే."

మా సొరంగంలో నూలు లేదు. మొదటి ఏడు మావాళ్లని భూమి నుంచి ఇక్కడికి తెచ్చిన ఓడతో వచ్చిన బట్టలు మా నాయనమ్మ కాలానికే పీలికలయ్యాయి. ఇక్కడ పండే దంటుకి నార పొట్టి, పేనితే తెగిపోతుంది. రుబ్బి అచ్చులో అదిమితేనే నిలుస్తుంది. అందుకని మాకు తలుపైనా, మంచమైనా, చొక్కా అయినా పలకే. ఎవరు నడిచినా కిర్రుమంటారు, ఆ చప్పుడు బట్టి వచ్చేదెవరో చెప్పేస్తాం. అంత గట్టి పలక వంగాలంటే లేజరుతో సన్నటి గాట్లు వరసగా పెట్టుకుంటూ పోవాలి. గాటుకీ గాటుకీ మధ్య కాస్త కోయకుండా వదలాలి. ఆ వదిలిన ముక్కని లంకె అంటాం. పలక వంగినప్పుడు ఒక్కో లంకె రవ్వంత మెలిపడుతుంది, అంతే. కొత్తవాళ్లు గాటు చూస్తారు, నేను లంకె చూస్తాను.

బతికున్నవాళ్లకి అంతా అడ్డగాటే. ముందొక పలక, వెనకొక పలక, పక్కన మేకులు. అడ్డగాటుంటే నడుం వంచి పని చేసుకోవచ్చు. నిలువు గాటు పెట్టిన పలక చాపలా చుట్టుకుంటుంది. అది పోయినవాళ్లని చుట్టడానికి. ఏడాదికి అయిదో ఆరో కోస్తాను. కోసినంతసేపూ ఎవరితోనూ మాట్లాడను.

207వ రోజు
పలక 4419. గాటు: అడ్డం. ఎవరికి: హైమ కూతురు.

పక్క వరసలో ఉండే హైమకి ఏడో నెలలోనే నొప్పులొచ్చి పొద్దున ఆడపిల్ల పుట్టింది. పన్నెండు వందల పది గ్రాములు. హైమకి నెత్తురు బాగా పోయింది, కూర్చునే ఓపిక లేదు. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టె ఆసుపత్రి గదిలో ఉంది గానీ, నాలుగేళ్లుగా దాంట్లో ఉల్లిపాయలు పోసుకుంటున్నారు. దాని గొట్టం పాడైంది. కొత్తది తెచ్చే ఓడకి ఇంకా తొమ్మిది నెలలుంది.

సాయంత్రం ఎస్తేరు సిస్టర్ నేరుగా కోత గదికి వచ్చింది. సొరంగానికంతటికీ ఒక్కర్తే నర్సు. మాటలు పొదుపు.

"పిల్లని ఎవరో ఒకరి గుండెల మీద ఉంచాలి నాంచారమ్మగారూ. ఒంటికి ఒళ్లు ఆనించి, నిటారుగా. పగలూ రాత్రీ."

"ఎన్నాళ్లు?"

"ఆరేడు వారాలు. ఇంత చిన్నపిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. కింద ఛాతీ ఆడుతుంటే వాళ్లకి గుర్తొస్తుంది."

"అయితే ఎత్తుకుని కూర్చోమనండి."

"కూర్చున్నాడండీ, వాళ్ల నాన్న చంటిబాబు. గంటన్నరకి కునుకు పట్టింది. పిల్ల జారి మెడ వాలిపోయింది. నేను చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి."

పిల్లనీ ఎత్తుకున్న మనిషినీ కలిపి పట్టి ఉంచేది ఏదైనా కావాలి. ఛాతీతో పాటు అదీ ఆడాలి. పిల్ల మెడ మాత్రం వాలకూడదు. మిగతా వెలుగులో ఒకటి కోశాను. ఎండని సొరంగంలోకి పంపే బయటి అద్దాలు మా వైపు తిరిగి ఉన్న ఆరు గంటలే లేజరు నడుస్తుంది.

210వ రోజు
పలక 4419 నుంచి 4426 దాకా. గాటు: అడ్డం. ఎవరికి: హైమ కూతురు. ఎనిమిదీ పనికిరాలేదు.

మొదటిది తలుపులాగే ఉంది. ఛాతీ గుండ్రం, పలక చదును. పిల్లకీ మనిషికీ మధ్య పిడికిలి పట్టేంత సందు. ఇక గాట్లు పెంచాను, లంకెలు సన్నం చేశాను. రెండోది చేతిలోనే విరిగింది. మా ఆయన అచ్చు దగ్గర కూర్చుని సగం మందంలో పలకలు తీసి ఇస్తున్నాడు. సరిచూసుకోవడానికి జొన్నపిండి ముద్దతో పన్నెండు వందల గ్రాముల పిల్లబొమ్మ చేసి తెచ్చాడు. దానికి ముక్కు కూడా పెట్టాడు.

"ముక్కెందుకండీ పిండి ముద్దకి?"

"ఊపిరాడద్దేంటే మరి?"

ఎనిమిదో పలకలో పిండి పిల్ల బాగానే కూర్చుంది. ఆశపడి చంటిబాబుకి కట్టి అసలు పిల్లని అందులో పెట్టాం. పావుగంట బాగుంది. తర్వాత పలక మెడ దగ్గర అడ్డంగా మడత పడింది. అడ్డగాటు చేసే పనే అది. చిన్న గడ్డం గుండెకి తగిలింది, ఊపిరి ఆగింది. ఎస్తేరు సిస్టర్ పిల్ల అరికాలు మీద వేలితో కొట్టింది, మళ్లీ కొట్టింది. మూడోసారికి పిల్ల కీచుమంది. చంటిబాబు నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన, "పలకే బాగోలేదనుకుంటానే" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట వినలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

211వ రోజు
కోత లేదు.

పొద్దున వెలుగు రాకముందే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నిలువుగా కొయ్యి నాంచారీ."

విననట్టు బల్ల మీది పొడి తుడిచాను.

"అడ్డగాటుకి మెడ కాడ మడతడిపోతంది. నిలువుదైతే మెడ నిలబడద్ది, ఛాతీ సుట్టూ తిరుగుద్ది. నాకంటే నీకే బాగా తెలుసు."

తెలుసు. రెండో పలక చేతిలో విరిగినప్పుడే తెలుసు. తెలిసీ ఇంకో ఆరు పలకలు తగలేశాను. ఆ మూడు రోజుల్లో ఆ పిల్లకి ఏమైనా అయి ఉంటే ఆ పాపం నాదే. తనిఖీవాళ్లు చదవాలనే ఇక్కడ రాస్తున్నాను.

"ఎవరు ఒప్పుకుంటారండీ? పురిటిపిల్లని పోయినవాళ్ల గాటులో చుడతామంటే?"

"ఊరి సంగతి నాకొదిలెయ్. అంత సన్నం గీత మన దగ్గరుంది కదా."

గీతంటే లేజరు ఎక్కడెక్కడ కోయాలో చూపే నమూనా. ఆ గీత గురించి ముప్పై ఒక్క ఏళ్లుగా మా ఇద్దరి మధ్యా మాట లేదు.

57వ ఏడులో మాకు పాప పుట్టింది. దానికీ ఏడో నెలే. అప్పట్లో గాజుపెట్టె పనిచేసేది. పాపని అందులో పెట్టి, తాకితే జబ్బు చేస్తుందని మమ్మల్ని ఎత్తుకోనివ్వలేదు. అప్పటి వాళ్లకి తెలిసింది అంతే. ఆరు రోజులు ఇద్దరం గాజులోంచి చూస్తూ నిలబడ్డాం. ఏడో రోజు దానికి నిలువు గాటు నేనే కోశాను. అంత చిన్న ఒంటికి పలక చుట్టుకోవాలంటే గాటు ఎంత పొడవుండాలో, లంకె ఎంత సన్నముంటే విరగకుండా ఉంటుందో ఆ రోజే నేర్చుకున్నాను. పాపని నేను చేత్తో పట్టుకున్నది అది చుట్టేటప్పుడే. పుస్తకంలో ఎవరికి అన్నచోట ఖాళీ వదిలేశాను. మాలో ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టరు.

పొద్దుటిపూట ఇద్దరం కూర్చుని ఏడ్చాం. ఆయన ముందు మొదలుపెట్టాడు, కావాలంటే అడగండి. ఆ తర్వాత అద్దాల వెలుగొచ్చింది గానీ, కళ్లు వాచి లంకె ఆనక ఇవాళ కోయలేదు. గీత మాత్రం తెరిచి చూశాను.

212వ రోజు
పలక 4427. గాటు: నిలువు. ఎవరికి: బతికున్న పిల్లకి.

గాటూ లంకెలూ ఆ పాత గీతవే ఉంచి రెండు పక్కలా పెంచాను, పెద్ద మనిషి ఛాతీ చుట్టూ తిరిగి వీపు వెనక మేకు పడేలా. కోయడానికి నలభై నిమిషాలు పట్టింది. చేత్తో పైకెత్తితే మెత్తగా వాలి నా ముంజేతి మీద చుట్టుకుంది. నిలువుగా పట్టుకుంటే మాత్రం కర్రలా నిలబడింది.

ఆసుపత్రి గది గుమ్మంలో అప్పాయమ్మ అడ్డం నిలబడింది. చంటిబాబు తల్లి. వరసకి నన్ను వదినా అంటుంది. పలక చూడగానే గాటు ఎటుందో కనిపెట్టేసింది.

"ఏంటొదినా ఇది? నా మనవరాలికి పాడె తెచ్చావా?"

"పాడె కాదు, మెడ నిలబెట్టేది."

"బతుకుద్దో లేదో తెలీని పిల్లకి ముందే చుట్టేత్తారా? నా కంటంలో పేనముండగా ఈ గడప దాటనివ్వను!"

ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. లోపల చంటిబాబు పిల్లని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. నిద్ర లేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. సిస్టర్ అతని మోచేతుల కింద తన చేతులు ఆనించి నిలబడింది. అలా ఎంతసేపు ఆగుతారు?

మా ఆయన నా చేతిలోంచి పలక లాక్కున్నాడు. గుమ్మంలోనే చొక్కా మేకులు ఊడదీసి, ఆ నిలువు గాటు పలక తన ఒంటికే చుట్టుకుని, వెనక మేకు వెయ్యమని నాకు వీపు తిప్పాడు. వేశాను. తర్వాత ఆయన వీధిలోకి నడిచాడు. పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు. ఎవరో చేతిలోని గిన్నె వదిలేశారు. ఈయన మాత్రం వంటశాలకి వెళ్లి గ్లాసెడు అంబలి పోయించుకుని, గుటకలు వేస్తూ వెనక్కి వచ్చి అప్పాయమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"సచ్చినోడు అంబలి తాగుతాడేంటి చెల్లెమ్మా?"

"ఏంటన్నయ్యా నీ ఎటకారం, ఇలాంటప్పుడు!"

"ఎటకారం కాదమ్మా. ఇలా రా. చెయ్యెట్టి చూడు. పలక మీదే పెట్టు."

ఆమె పెట్టలేదు. ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని తన ఛాతీ మీది పలకకి ఆనించాడు. చుట్టూ గొడవ చేస్తున్న నలుగురూ నోరు మూశారు. ఆ నిశ్శబ్దంలో నాకూ వినిపించింది. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా లంకెలన్నీ కలిసి టిక్కుమంటున్నాయి, వదిలినప్పుడు మళ్లీ టిక్కు.

"ఆడతంది" అంది అప్పాయమ్మ.

"ఆడద్ది మరి. లోపల మనిషున్నాడు కదా."

ఆమె చెయ్యి తీయలేదు. ఎన్ని ఊపిర్లు లెక్కపెట్టిందో తెలియదు గానీ, చివరికి కొంగులా భుజం మీద వేలాడే పలక ముక్కతో కళ్లు ఒత్తుకోబోయి, అది గీసుకుని, నన్ను తిట్టింది. ఆ తిట్టు విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

"ముందు నాకు కట్టండి. దాని నాయనమ్మని నేనుండగా ఇంకోళ్లు మొయ్యడమేంటి?"

కట్టాం. సిస్టర్ పిల్లని తెచ్చి ఆమె గుండెల మీద నిలబెట్టి పలక చుట్టింది. వీపు వెనక నేనే మేకు వేశాను. మెడ వాలలేదు. పిల్ల రెండుసార్లు మూలిగి, చెంప ఆనించి పడుకుంది. మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఊపిరి మరిచిపోలేదు. చంటిబాబు గోడకి చేరబడి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

219వ రోజు
పలక 4427, మరమ్మతు. రెండు లంకెలు తెగాయి.

పిల్ల బరువు పన్నెండు వందల ఎనభై. పెరుగుతోంది. ఇప్పుడు హైమ కూడా రోజుకి నాలుగు గంటలు కట్టుకుంటోంది. మొదటిరోజు ఏడుపు ఆపుకోలేక పిల్ల నెత్తి తడిపేసింది. మిగతా గంటలకి వంతులు. రోజూ పొద్దున నేను లంకెలు లెక్కపెడతాను, మొత్తం ఆరువందల నలభై. ఇవాళ రెండు తక్కువ.

"పలక బాగాలేదు" అన్నాను.

"కోత బాగోలేదే. నా పలక బంగారం" అన్నాడు.

చాలా రోజులకి కడుపు నిండా అన్నం తిన్నాను.

227వ రోజు
పలక 4427. తెగిన లంకెలు లేవు.

ఇరవై ఒకటో రోజు. పిల్లకి సుగాత్రి అని పేరు పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లుగా నేను ఎవరింట పేరు పెట్టినా వెళ్లలేదు, ఏదో వంక చెప్పేదాన్ని. ఇవాళ వెళ్లాను. వెళ్లక తప్పుతుందా, పిల్ల మా ఆయన గుండెల మీదే ఉంది. మధ్యాహ్నం వంతు ఆయనది. పేరు పిలిచేటప్పుడు అందరూ పిల్ల చెవిలో చెప్పాలి గనక, ఊరు ఊరంతా వరస కట్టి మా ఆయన ఛాతీ మీదకి వంగారు. ఆయన పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు.

జనం వెళ్లాక చూస్తే ఇద్దరూ నిద్రపోతున్నారు. నేను పక్కన కూర్చుని టిక్కు టిక్కు వింటూ ఉండిపోయాను. మన పాపని ఇలా ఒక్కరోజు కట్టుకోనిచ్చి ఉంటే అనుకున్నాను. అయినా లేచి వెళ్లాలనిపించలేదు.

258వ రోజు
పలక 4427. పని ముగిసింది.

సుగాత్రి రెండువేల అయిదు వందలు దాటింది. నిన్న కాలితో తన్ని ఒకేసారి పదకొండు లంకెలు తెంపింది. ఇక అక్కర్లేదని సిస్టర్ చెప్పింది. వాడిన పలక అచ్చు గదికి తిరిగి ఇవ్వాలి, రుబ్బి కొత్తది చేస్తారు. అప్పాయమ్మ స్వయంగా తెచ్చింది. ఇచ్చేముందు పలకని ఒకసారి చెంపకి ఆనించుకుంది.

తనిఖీవాళ్ల దగ్గరనుంచి రెండు కబుర్లు వచ్చాయి. అవతలి సొరంగంలో కవలలు పుట్టారట, ఇద్దరూ ఏడో నెలవాళ్లే. ఈ గీత వెంటనే పంపమన్నారు. పంపాను. రెండో కబురు ఎప్పుడూ ఉండేదే. గీత పంపాలంటే మొదట ఎవరికి కోశారో పుస్తకంలో ఉండాలట. 57వ ఏడు పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది, నింపండి అని.

ఆ పాత పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీతో ఒకటి చెప్పలేదండీ" అన్నాను. "నేను దానికి పేరు అనేసుకున్నాను. నా లోపలే. పావని."

ఆయన ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"నేనూ పెట్టుకున్నానే."

"ఏమని?"

"గవరమ్మ."

గవరమ్మ మా అత్తగారి పేరు. ఏడవబోతున్నదాన్ని నవ్వేశాను.

"గవరమ్మేంటండీ, బంగారంలాంటి పిల్లకి! ఆ పేరుతో పిలిస్తే మీ మీద అలిగి ముడుచుకుని కూర్చునేది."

"ముప్పయ్యొక్క ఏళ్ల నుంచి పిలుత్తానే ఉన్నాను. ఒక్కసారీ అలగలేదు."

అచ్చు దగ్గర ఆయన తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉంటాడని నాకు తెలుసు. పలకలతో మాట్లాడుకుంటున్నాడని ఇన్నేళ్లూ వెక్కిరించాను. ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా ఇద్దరి చొక్కాలూ కిర్రుమన్నాయి.

తర్వాత కలం తీసుకున్నాను. ఎవరికి అన్న గడి చాలా చిన్నది. అయినా దగ్గర దగ్గరగా రాస్తే రెండు పేర్లూ పట్టాయి.